రోజూ తొలిపిన ఫ్లాస్కు

ఆ రోజుల్లో శుభ్రం అంటే ఏమిటో నాకంటే బాగా తెలిసిన మనిషి లోకంలో లేదని నా గట్టి నమ్మకం. గన్నవరం దగ్గర ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజుసామాను కడిగే పని నాది. అక్కడ పరిశోధన చేసే చల్లపల్లి పాప (అసలు పేరు వేరే, నేను పెట్టింది ఇదే) నన్ను పిన్నీ అనేది. తన పనేమిటో చేతులు చూపించి మరీ చెప్పింది. కొన్ని పదార్థాలు మన రెండు చేతుల్లా జంటగా పుడతాయట. చూడ్డానికి ఒకటే, కానీ ఎడమదాని తొడుగు కుడిదానికి పట్టదు. తనకి కావలసింది కుడిది. లాంథనం అనే అరుదైన లోహానికి లైగాండ్ అనే మరో పదార్థాన్ని తగిలిస్తే, అన్నంలో ఎడమ చెయ్యి పెట్టిన పిల్లాడికి అమ్మ ఒక్కటి వేసినట్టు, అది అన్నిటినీ కుడివిగానే పుట్టిస్తుందట.

పుట్టిస్తే కదా! మెషీన్ కాగితం మీద ఎప్పుడు చూసినా సమానంగా రెండు కొండలు. సగం కుడి, సగం ఎడమ. నెలల తరబడి అదే వరస. చివరికి గైడు గారు, "శనివారంలోపు రాకపోతే ఈ టాపిక్ వదిలెయ్యమ్మా" అనేశారు.

శనివారం పొద్దున పాప కళ్లు వాచి ఉన్నాయి. ఓవెన్లో ఎండి చల్లారిన ఫ్లాస్కుని బల్లమీద పెట్టి, అందులో పోసే మందు తేవడానికి పక్కగదిలోకి వెళ్లింది. నా ప్రాణం ఉసూరుమంది. రోజూ చేసే పనే ఇవాళ ఇంకాస్త శ్రద్ధగా చేద్దామని, కుళాయి నీళ్లు కాకుండా నేను తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లు పోసి ఫ్లాస్కుని తొలిపి, ఉతికిన తువ్వాలుతో తుడుస్తున్నాను. (కడిగి బోర్లించిన గ్లాసయినా సరే, ఇంకోసారి తొలపకుండా ఎవరికైనా ఇస్తామా?)

"ఏం చేస్తున్నావ్ పిన్నీ?" గుమ్మంలో పాప.

"తొలుపుతున్నానమ్మా."

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వొచ్చిన మొదటిరోజు నుంచీ. జ్వరంలో కూడా మానలేదు" అన్నాను గర్వంగా.

పాప స్టూలు మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు తెలియలేదు. "ఆ లోహానికి నీళ్లంటే పిచ్చి పిన్నీ. తడి తగిలితే చాలు, లైగాండ్ చెయ్యి వదిలేస్తుంది."

"పేకాట కనిపిస్తే మా ఆయన నా చెయ్యి వదిలేసినట్టా?"

"అచ్చం అంతే!"

తువ్వాలు గబుక్కున వెనక దాచేశాను. "గైడు గారికి చెప్తావా?"

"చెప్తే నిన్ను తీసేస్తారు. కొత్తగా వచ్చేవాళ్లు ఇంత బాగా కడగరు" అంటూ ఓవెన్లోంచి ఇంకో ఫ్లాస్కు తీసి, చల్లారేదాకా నా వైపు చూస్తూ కాపలా కూర్చుంది.

సాయంత్రం కాగితం మీద ఒకటే కొండ, పక్కన చిన్న పుట్ట. పాప నన్ను గట్టిగా వాటేసుకుని, ఓవెన్ తలుపుకి ఒక అట్టముక్క అంటించింది. అప్పటికింకా నాకు అక్షరాలు రావు (వచ్చింది యాభై దాటాక) కనుక, దానిమీద కుళాయి బొమ్మ గీసి ఇంటూ కొట్టింది.

ఇప్పుడు తను లెక్చరర్. మొన్న మా ఇంటికొస్తే మంచినీళ్లిద్దామని గ్లాసు తీశాను. కుళాయి దాకా వెళ్లిన చెయ్యి టక్కున ఆగిపోయింది. ఒకప్పటి నా నమ్మకం ఎక్కడికి పోయిందో!

"తొలుపు పిన్నీ" అంది వెనక నుంచి పాప. "నేను లాంథనాన్ని కాదు."

రెండుసార్లు తొలిపి ఇచ్చాను.