మిగిలిన పాటలకు బేస్ గిటార్

క్యాసెట్లు పోయి సీడీలు ఊరూరా తిరుగుతున్న కాలం. కడపలో అప్పటికే రికార్డింగ్ గదులు కొన్ని ఉండేవి, కానీ ఆడమనిషి నడిపేది నాదొక్కటే. కింద బండల దుకాణం. పైన నా కంప్యూటరు, కీబోర్డు, రెండు మైకులు, గోడలకు మేకులు కొట్టి వేలాడదీసిన పాత పరుపులు. కింద బండలు కోసే మిషను తిరుగుతున్నంతసేపూ నేల సన్నగా వణికేది. అందుకని గొంతుల రికార్డింగుకు వాళ్ళు భోజనాలకు లేచే వేళ కోసం కాచుకునేదాన్ని. మిగతా పొద్దంతా వాయిద్యాల పని చూసుకునేదాన్ని. చిన్నప్పుడు చర్చిలో హార్మోనియం, పెద్దయ్యాక కీబోర్డు వాయించిన చేయి నాది. ఏ పాటకు ఏ వాయిద్యం ఎంతవరకు కావాలో నాకు తెలుసన్న నమ్మకం నాకు ఎప్పుడూ ఉండేది.

ఆ ఏడు మైదుకూరు దగ్గర ఒక పల్లెలోని చర్చివాళ్ళు తమ పాటలతో సీడీ చేయమని అడిగారు. వాళ్ళ పాస్టరుగారే రాసి బాణీ కట్టిన పాటలు. పాడేవాళ్ళు ఊరి గాయక బృందం. చేలో పని ముగించుకుని, జడలో పూలు పెట్టుకుని, బస్సెక్కి వచ్చే ఆడవాళ్ళు. గొంతుల్లో మన్ను వాసన ఉండేది. అలాంటి గొంతుల కింద, అడుగు స్వరాలు పలికే బేస్ గిటార్ గట్టిగా నిలబడాలి. దానికోసం కర్నూలు నుంచి ఒకాయనను పిలిపించాను. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో ఇరవై ఏళ్ళుగా బేస్ వాయించిన మనిషి. నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేదాన్ని. ఆయన పాట మొత్తం ఒక్కసారి వినేవాడు, రెండోసారికి వాయించేసేవాడు.

సగం పాటలు హాయిగా అయిపోయాయి. తర్వాతి పాట మధ్యలో ఆయన చేయి ఆగింది. ఎడమచేతి ఉంగరం వేలు తీగ మీద ముడుచుకుపోయి తెరుచుకోలేదు. కుడిచేత్తో పట్టుకుని లాగితే టక్కుమని తెరుచుకుంది.

"ఏమన్నా, నొప్పిగా ఉందా?"

"శానా రోజుల్నుంచి ఇట్లే చేస్తాండాది మా. పొద్దున లేస్తే ముడుసుకోనే ఉంటాది. వేన్నీళ్ళల్లో పెడితే వస్తాది అనుకుంటి."

డాక్టరు చూసి, వేలిని కదిలించే నరం వాచి లోపల ఇరుక్కుంటోందని, కొన్ని నెలలపాటు గిటార్ ముట్టుకోవద్దని, అప్పటికీ తగ్గకపోతే చిన్న ఆపరేషన్ చేయాలని చెప్పాడు. పాస్టరుగారికేమో తమ ఊళ్ళో జరగబోయే సువార్త సభల నాటికి సీడీ చేతిలో ఉండాలి. వేరే బేస్ వాయించేవాణ్ని తెద్దామంటే మద్రాసు దాకా పోవాలి. పల్లె చర్చి చందాలతో అయ్యే పని కాదది.

"మిగిలిన పాటలకు శాంపిల్ లైబ్రరీ తెస్తాను" అన్నాను.

పాస్టరుగారికి అర్థం కాలేదు. నిజమైన బేస్ గిటార్ మీద ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయించి, రికార్డు చేసి, డిస్కులో పెట్టి అమ్ముతారని, కంప్యూటరుకు తగిలించిన కీబోర్డు మీద మీట నొక్కితే ఆ గిటారే పలుకుతుందని చెప్పాను.

"అయితే సగం మనిషి, సగం మిషనా అమ్మా? ఇనేవాళ్ళకు తెలిసిపోదా?"

"తెలియదయ్యగారూ. తెలిస్తే ఆ పాట మీకివ్వను."

ఆ మాట ధైర్యంగానే అన్నాను. కానీ పని తేలిక కాదని నాకు తెలుసు. మొత్తం సీడీలో మిషను బేసే ఉంటే ఎవరూ పట్టించుకోరు. ఒక పాటలో ఆయన వాయించి, పక్క పాటలో డిస్కు వాయిస్తే, తేడా ఉన్నదంటే అక్కడే బయటపడుతుంది. నాకు కావలసింది మంచి బేస్ కాదు, ఆయన పక్కన కూర్చోగల బేస్.

నా కీబోర్డులో ముందే ఉన్న బేస్ శబ్దం రబ్బరు లాగినట్టుండేది. దాన్ని తీసి పక్కన పెట్టాను. కర్నూలులో తెలిసిన కుర్రాడొకడు ఖరీదైన లైబ్రరీకి కాపీ కొట్టిన డిస్కులిస్తానన్నాడు. దొంగ సరుకుతో దేవుని పాటలా అని నవ్వి వద్దన్నాను. హైదరాబాదులోని ఒక దుకాణానికి ఫోన్ చేస్తే, దుకాణదారు తన దగ్గరున్న పెద్ద లైబ్రరీ గురించి ఊరించి ఊరించి చెప్పి, వినడానికి ఒక డెమో డిస్కు, దాంతోపాటు వాయించి చూసుకోవడానికి కొన్ని స్వరాలు కొరియర్లో పంపాడు. ఇంకొకటి నెట్ సెంటర్లో వెతుకుతుంటే కనిపించింది. ఎవరో ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన చిన్న లైబ్రరీ. అందులో ఉన్నది ఒకే గిటార్, వేళ్ళతో మీటింది. ధర మాకు అందే ధరే. ఉచితంగా ఇచ్చిన కొన్ని స్వరాలను, నెట్ ఆగుతూ నడుస్తూ ఉంటే, పొద్దంతా కూర్చుని దించుకుని వచ్చాను.

రెండూ దొరికాక బేస్ ఆయనను కర్నూలు నుంచి రమ్మన్నాను. వేలికి కట్టుతో బస్సు దిగాడు. ముందుగా పెద్ద లైబ్రరీ డెమో పెట్టాను. డ్రమ్స్, గిటార్లు, దాని కింద బేస్ ఉరుముతోంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇది మా, బేస్ అంటే! ఇదే తీసుకో. ఇంక ఆలోచన దేనికి?"

"ఇది కంపెనీవాళ్ళ పాట అన్నా. దాంట్లో బాగుంటే వాళ్ళకు బాగున్నట్టు. మనం ఒట్టిదాన్ని వినాలి."

డెమో పాట ఆపేశాను. ఆ లైబ్రరీలోని స్వరాన్ని ఒంటరిగా వాయించాను. అదే స్వరాన్ని గబగబా ఎన్నోసార్లు నొక్కాను. ప్రతిసారీ అచ్చం ఒకేలా పలికింది, కుట్టుమిషను సూది దిగినట్టు. మనిషి వేలు అలా పడదు. ఒకసారి కొంచెం గోరు తగులుతుంది, ఒకసారి కొంచెం మెత్తగా పడుతుంది. తర్వాత ఒక స్వరాన్ని నొక్కి పట్టుకున్నాను. తీగ శబ్దం మెల్లగా చచ్చిపోవాలి. ఇది కొంత దూరం పోయి, అక్కడి ముక్కే మళ్ళీ మళ్ళీ ఫ్యానులా తిరగసాగింది. మా పాటల్లో నెమ్మదిగా సాగేవి ఎక్కువ. అలాంటిచోట ఇది దొరికిపోతుంది. పైగా మొత్తం లైబ్రరీని లోపలికి తీసుకునేంత బలం నా కంప్యూటరుకు లేదు.

చిన్నదానితోనూ అంతే చేశాను. ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కితే ఒక్కోసారి ఒక్కోలా పలికింది. ప్రతి స్వరాన్నీ వాళ్ళు నాలుగైదుసార్లు వాయించి, వంతులవారీగా పలికేలా పెట్టారు. మెత్తగా నొక్కితే మెత్తగా, గట్టిగా నొక్కితే తీగ కొయ్యకు తగిలిన చప్పుడుతో వచ్చింది. పట్టుకుంటే తనంతట తానే తగ్గిపోయింది.

ఆయనకు నచ్చలేదు. "ఇదేందిమా, ఇట్ల మొద్దుగా ఉండాది? డొక్కు గిటార్ మాదిరి. నా గిటార్ ఇట్లుంటాదా?"

ఆయన ఇంతకుముందు వాయించిన పాట తెరిచి, మిగతా వాయిద్యాలన్నీ ఆపేసి, బేస్ ఒక్కటే పెట్టాను. గదిలో మోటుగా, దుమ్ము పట్టినట్టు, తీగల గీరుడుతో ఒక గిటార్ మోగింది. ఆయన తల వంచుకుని కాసేపు విన్నాడు.

"ఎవరిది ఇది?"

"నీదే అన్నా."

ఆయన నమ్మలేదు. రెండోసారి పెట్టమన్నాడు. ఇరవై ఏళ్ళు స్టేజీ మీద వాయించాడు గానీ, డ్రమ్ములు, బాకాల మధ్య తన గిటార్‌ను విడిగా విన్నది లేదు. తీగలు మార్చి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. నేను మిగతా వాయిద్యాలను ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయాను. డోలక్ వచ్చింది, హార్మోనియం వచ్చింది, చివరికి ఆ ఆడవాళ్ళ గొంతులు. మోటుగా ఉన్న ఆ శబ్దం వాళ్ళందరి కింద నేలలా పరుచుకుంది.

"అబ్బ" అన్నాడు మెల్లగా. "నేను బాగానే వాయిస్తానే."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అదే పాటలో ఆయన బేస్ తీసేసి, ఆయన వాయించిన వరసనే చిన్న లైబ్రరీతో వాయించి వినిపించాను. పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉన్నాయి. పెద్దదానితో వాయిస్తే మాత్రం పల్లె పాట మీదికి పట్నం కారు తోలుకొచ్చినట్టుంది.

"సరే, నువ్వు చెప్పిందే నిజం" అన్నాడు. ఆ చిన్న లైబ్రరీనే కొన్నాను.

మిగిలిన పాటలకు ఆయన నా పక్కనే కూర్చున్నాడు. బేస్ వరస నోటితో డుం డుం అని పాడేవాడు, నేను మీటల మీద వాయించేదాన్ని. మొదట్లో నేను అలవాటు కొద్దీ స్వరాలను ఒకదానిలోకి ఒకటి కలిపేసేదాన్ని. "వేలు ఎత్తు మా, వేలు ఎత్తు. గిటార్ వాడు యాడన్నా ఊపిరి తీసుకుంటాడు గదా" అనేవాడు. గిటారుకు లేని అడుగు స్వరాలు కీబోర్డు మీద ఉంటాయి, వాటి జోలికి పోకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. అక్కడక్కడా ఒక స్వరాన్ని తాళానికి వెంట్రుకవాసి వెనక్కు జరిపాను. మరీ సరిగ్గా పడితే మనిషి మాయమవుతాడు.

ఒక్క పాట మాత్రం లొంగలేదు. అందులో తీగ మీద వేలు జారుతూ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోవాలి. చిన్న లైబ్రరీలో ఆ జారుడు లేదు. ఎంత తంటాలు పడినా మెట్లు దిగినట్టే వచ్చింది. చివరికి ఆ పాటలో బేస్ మొత్తం తీసేశాను. బృందంలోని ఇద్దరు మగవాళ్ళ చేత కింది స్వరంలో పల్లవి పాడించాను.

పాస్టరుగారు వచ్చి కళ్ళు మూసుకుని అన్నీ విన్నారు. బేస్ తీసేసిన ఆ పాట దగ్గర కళ్ళు తెరిచారు.

"దీంట్లో గిటార్ యాడుండాదమ్మా?"

"లేదయ్యగారూ. దీనికి అక్కర్లేదు."

ఆయన ఇంకోసారి విని తలూపారు. మిగతా పాటల్లో ఏది మనిషి, ఏది మిషను అని అడగనే లేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అంతా ఒక్క మనిషే వాయించినట్టుండాది" అన్నారు. నాకది చాలు.

సభల్లో ఆ సీడీని గొట్టం మైకుల్లో వేశారు. గొట్టం మైకులో బేస్ వినిపిస్తుందా! ఇన్నాళ్ళ మా కష్టమంతా గాలికి పోయింది. నేను, పాస్టరుగారు పందిట్లో కూర్చుని నవ్వుకున్నాం. కానీ తర్వాత కొన్ని వారాలకు కడప బస్టాండు దగ్గర ఒక ఆటో ఆగి ఉంది. వెనక సీటు కింద పెద్ద స్పీకరు డబ్బా, అందులో మా పాట. నేను వాయించిన బేస్ ఆటో రేకును అదరగొడుతోంది. డ్రైవరు హ్యాండిల్ మీద వేళ్ళతో ఆ వరసకే తాళం వేస్తున్నాడు. పని ఉన్నా లేకపోయినా, ఆ ఆటో ఎక్కి ఇంటికి వచ్చాను.

ఆపరేషన్ అయ్యాక బేస్ ఆయన వేలు బాగుపడింది. మరుసటి ఏడు ఇంకో చర్చి పాటలకు గిటార్ తీసుకుని వచ్చాడు. ఆయనకు దారి చూపడానికి నేను ముందుగా చిన్న లైబ్రరీతో వరసలు వాయించి పెట్టాను. ఆయన వింటూ ఒకచోట చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఈడ నువ్వు పైకి పోయి కిందికొచ్చినావు సూడు, అది ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదన్నా. మీటల మీద చేయి అట్లా పోయింది."

"గిటార్ మీద అట్ల పోబుద్ధి కాదు. వేళ్ళు శానా సాగాల" అన్నాడు. గిటార్ మెడ మీద వేళ్ళు చాచి, తప్పుతూ, మళ్ళీ వెతుక్కుంటూ, నేను వాయించిన వరసను నేర్చుకోసాగాడు. నేను రికార్డింగ్ మీట నొక్కకుండా, ఆయనకు కుదిరేదాకా ఊరికే కూర్చుని విన్నాను.