వదిలేసిన తీర్మానాల వారసుడు

మా బావమరిది కొత్త సంవత్సరానికి సొంతంగా ఒక్క తీర్మానమైనా చేసుకున్న మనిషి కాడు. ఇతరులు జనవరి ఒకటిన ఆర్భాటంగా చేసుకుని, నెల తిరక్కుండానే అటకెక్కించిన తీర్మానాలను వెతికి పట్టుకుని, వాటిని వాళ్ళ తరఫున తాను నెరవేర్చడానికి పూనుకోవడమే అతడి వ్యసనం. వీధిలో అందరూ అతడిని ‘వారసుడు’ అంటారు. ఆస్తులకు వారసులుంటారని నాకు తెలుసు. బద్ధకానికి కూడా వారసుడుంటాడని మా ఇంట్లోనే చూశాను.

పార్కుకు ఎదురుగా అతడి కళ్ళజోళ్ళ దుకాణం. తాను మాత్రం కళ్ళజోడు పెట్టుకోడు. లోపలి గోడకు వేలాడే అక్షరాల పట్టికలో చిట్టచివరి వరుసను వీధి అవతల నిలబడి గడగడా చదివి, దారిన పోయేవాళ్ళను లోపలికి రప్పించడం అతడి వ్యాపార మర్మం. అయితే ఫిబ్రవరి వచ్చిందంటే కళ్ళను వదిలి మనుషులను పరీక్షించడం మొదలుపెడతాడు. “ఈ వరుస కనబడుతోందాండీ?” అన్న నోటితోనే “ఈ ఏడాది ఏం మొదలుపెట్టి ఏం మానేశారు?” అంటాడు.

మా పక్కింటి పోస్టుమాస్టరు ఉద్యోగ విరమణ తర్వాత వయొలిన్ నేర్చుకుంటానని ప్రతిజ్ఞ చేసి, రెండు పాఠాలకే వేళ్ళు నొప్పులని దాన్ని బీరువా పైకి చేర్చాడు. వారసుడు వెళ్ళి ఆ వయొలిన్‌ను అడిగి తెచ్చుకున్నాడు. సాధన తన ఇంట్లో చేసుకోవచ్చు కదా! రోజూ సాయంత్రం సరిగ్గా పోస్టుమాస్టరు కిటికీ కింద కూర్చుని మొదలుపెట్టేవాడు. ఆ ధ్వనిని వర్ణించడానికి నేను చదివిన నిఘంటువులేవీ అక్కరకు రాలేదు. పోస్టుమాస్టరు కిటికీ మూశాడు, తలుపు మూశాడు, చెవులూ మూశాడు. ఒకనాడు ఇక ఆగలేక చెప్పులైనా లేకుండా బయటికి దూసుకొచ్చాడు.

“ఏమయ్యా, అది వయొలిననుకున్నావా, రంపమనుకున్నావా? ఇటివ్వు! చూడు, ఇలా పట్టుకోవాలి!”

అలా పట్టుకున్న వయొలిన్‌ను ఆయన తిరిగి ఇవ్వలేదు.

“చూశావా? మొదలుపెట్టినదేదీ నీ తమ్ముడు పూర్తి చెయ్యడు,” అన్నాను మా ఆవిడతో. ఆవిడ నవ్వింది.

మరుసటి ఏడు మా మంగలి సిగరెట్లు మానేస్తానని ఒట్టు పెట్టుకుని తప్పాడు. వారసుడు పుట్టి బుద్ధెరిగి సిగరెట్టు ముట్టలేదు. అయినా వెళ్ళి మంగలి కుర్చీలో కూర్చుని, “నీ తరఫున నేను మానేస్తున్నానయ్యా. కానీ నాకు అలవాటు లేదు కదా, మానడం ఎలాగో తెలియడం లేదు. కాస్త చూపించు,” అన్నాడు.

“చూపించడానికేముంది సార్? నోరు పీకుతుంది, చెయ్యి జేబులోకి పోతుంది. అప్పుడు ఆపుకోవాలి.”

“ఆపుకో, చూస్తాను.”

పాపం, మంగలి ఆపుకుని చూపించాడు. మర్నాడు శిష్యుడు మళ్ళీ హాజరు. “నిన్నటి పాఠం మర్చిపోయాను, మళ్ళీ చూపించు.” అలా చూపిస్తూ చూపిస్తూ వేసవి నాటికి మంగలి సిగరెట్టు పూర్తిగా మరిచిపోయాడు. ఆ రోజే వారసుడు చదువు మానేశాడు. ఇదీ పూర్తి చేయలేదని నేను మా ఆవిడకు మరొకసారి విన్నవించాను.

తర్వాత నా వంతు వచ్చింది.

నా మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి మొహమాటం లేకుండా చెప్పింది: “ఇప్పుడు నడవకపోతే ఈ కాలు ఇలాగే బిగుసుకుపోతుంది సార్. ఇక మేడ సంగతి మర్చిపోండి.”

మేడ మీద నా గది ఉంది. నా పుస్తకాలు, నా పత్రికల సంపుటాలు, జీవితమంతా దాచుకున్న నా కాగితాలు అక్కడే ఉన్నాయి. కింద హాల్లో మంచం మీద నేను ఉన్నాను. పాత పత్రికల సంపుటం తెమ్మంటే మా ఆవిడ టెలిఫోన్ డైరెక్టరీ తెచ్చి, “లావుగా ఉన్నది ఇదేనండీ,” అనేది. అందుకే జనవరి ఒకటిన తీర్మానం చేశాను: ప్రతి ఉదయం పార్కు చివరి దాకా నడవాలి, నడకలో ఫోను వాడరాదు. దాన్ని టైపు చేయించి, సంతకం పెట్టి, మా ఆవిడ చేత సాక్షి సంతకం పెట్టించి, నకలు తీసి, రెండింటినీ వేర్వేరు ఫైళ్ళలో భద్రపరిచాను. ఆ భద్రపరచడంలోనే ఉత్సాహమంతా ఖర్చయిపోయింది. మొదట చలి అన్నాను, తర్వాత మంచు అన్నాను, మంచు పోయాక ఎండ అన్నాను.

ఒక ఉదయం వారసుడు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“అక్కా, బావగారి నడక ఎక్కడుంది?”

“అదిగోరా, తలుపు పక్కన,” అని మా ఆవిడ నా బూట్లు చూపించింది.

అతడు నా బూట్లు తొడుక్కున్నాడు, నా టోపీ పెట్టుకున్నాడు, నా చేతికర్ర తీసుకున్నాడు. “మీరు హాయిగా కూర్చోండి బావగారూ. మీ తరఫున నేను నడిచొస్తాను.”

“నువ్వు నడిస్తే నా మోకాలికి ఏమొస్తుందిరా?”

“అంత కష్టపడి టైపు చేయించారు. వృథాగా పోనిస్తామా?”

వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చి, నా కాఫీ కూడా నా తరఫున తాగుతూ నివేదిక సమర్పించాడు. “పార్కు గేటు పక్కన ఆ విగ్రహం ఎంత బాగుంది బావగారూ! చేతిలో పిల్లనగ్రోవి. మహా సంగీత విద్వాంసుడట.”

నా ఒళ్ళు మండిపోయింది. “అది ఊరికి మంచినీళ్ళ గొట్టాలు వేయించిన ఇంజనీరు విగ్రహం! చేతిలో ఉన్నది చుట్టిన పటం! ఆవిష్కరణ సభ ఆహ్వానపత్రం నా దగ్గరుంది!”

“ఏదీ, చూపించండి.”

“మేడ మీద ఉంది.”

“అయ్యో,” అన్నాడు జాలిగా. “పోనీ, అప్పటిదాకా పిల్లనగ్రోవే అనుకుందాం.”

“అనుకోవడమేమిటి? రేపు ఫొటో తీసుకురా!”

“నడకలో ఫోను వాడరాదని మీరే రాశారు కదా బావగారూ.”

మర్నాడు నా బూట్లు నేనే తొడుక్కుని గేటు దాకా వెళ్ళాను. నడకకోసం కాదు, సత్యంకోసం. గోడలూ మా ఆవిడ భుజమూ పట్టుకుని వెళ్ళి చూస్తే, అది పటమే. ఆ మాట నొక్కి చెబితే అతడు వెంటనే ఒప్పుకున్నాడు. కానీ నడి పార్కులోని గడియార స్తంభం పందెంలో గెలిచిన గుర్రం జ్ఞాపకార్థం కట్టినదన్నాడు. అగ్నిప్రమాదంలో జనాన్ని కాపాడి ప్రాణాలు విడిచిన వాళ్ళ స్తంభాన్ని గుర్రానికి కట్టబెడితే ఊరుకోవడమా? ఎన్ని బెంచీల మీద కూలబడ్డానో తెలియదు కానీ, స్తంభం దాకా వెళ్ళి, శిలాఫలకం చదివి, వచ్చి అతడికి చీవాట్లు పెట్టాను. అలా అతడి తప్పులు దూరం జరిగే కొద్దీ నా కోపమూ వాటి వెంటే నడిచింది.

చివరికి ఒకరోజు, “పార్కు చివర కొలను పక్కన రాయి ఉంది బావగారూ. ఆ కొలను ఏదో పెద్ద వానకు దానంతటదే ఏర్పడిందని చెక్కారు,” అన్నాడు.

దానంతటదే! కరువు రోజుల్లో ఊరి జనమంతా పారలు పట్టి తవ్విన కొలను అది. మా నాన్న అరచేతుల్లో ఆ పార చేసిన కాయలు నేను తడిమి చూసినవాణ్ణి. ఆ రాత్రి అధికారులకు పంపవలసిన ఖండన లేఖను మనసులోనే రచించి, తెల్లవారగానే ఎవరినీ పిలవకుండా బయలుదేరాను. విగ్రహం దాటాను, స్తంభం దాటాను, కొలను గట్టుకు చేరాను.

రాయి లేదు. బెంచీ మీద ఫ్లాస్కు పెట్టుకుని మా బావమరిది కూర్చుని ఉన్నాడు.

“రాయి ఏదిరా?”

“చెక్కడానికి ఇచ్చాను బావగారూ, ఇంకా రాలేదు.”

తిట్టడానికి నోరు తెరిచి, కర్ర ఎత్తబోయాను. నా చేతిలో కర్ర లేదు. అది అతడి ఒళ్ళో ఉంది. అతడు నా తరఫున నడవడం మొదలుపెట్టిన నాటినుంచీ అతడి దగ్గరే ఉంది. వీధి అవతలినుంచి చిట్టచివరి వరుస చదివే కళ్ళకు పటం పిల్లనగ్రోవిలా కనబడిందంటే, ఇంత చదివిన నేను నమ్మాను! పోస్టుమాస్టరు వయొలిన్, మంగలి సిగరెట్టు అప్పుడు గుర్తొచ్చాయి. నిజమే, అతడు ఏదీ పూర్తి చేయలేదు. పూర్తి కావస్తున్న సమయానికి సొంతదారులే వచ్చి లాక్కుపోయారు.

“మీ అక్కకు ఇదంతా తెలుసా?”

“బూట్లకు రోజూ పాలిష్ చేసింది ఎవరనుకున్నారు?”

ఆ వారం నేను మేడ ఎక్కాను. ఆహ్వానపత్రం తెచ్చి అతడి ముఖం ముందు ఆడించాను. “ఇంజనీరే బావగారూ, సందేహం లేదు,” అన్నాడు వినయంగా.

ఈ జనవరిలో అతడు నా పోరు పడలేక, ఒక పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదువుతానని మొట్టమొదటి సొంత తీర్మానం చేశాడు. సముద్రయానం గురించిన లావుపాటి నవల ఒకటి ఇచ్చాను. నెలాఖరుకు వెళ్ళి చూద్దును కదా, దుకాణంలో కుంటి స్టూలు కాలి కింద ఉంది నా పుస్తకం! లోపల ఒక పెద్దావిడ ఒక కన్ను చేత్తో మూసుకుని పరీక్షకు కూర్చుని ఉంది.

నేను పుస్తకం లాగి దుమ్ము దులిపాను. “నువ్వు కానివ్వు. నీ తరఫున నేను చదివి చెబుతాను. నావికుడు చివరికి ఓడ దిగి, పెళ్ళి చేసుకుని, మిఠాయి దుకాణం పెడతాడు.”

అతడు చెయ్యి ఆపాడు. “అదేమిటి? పెళ్ళి వద్దనే కదా మొదట్లో ఓడెక్కింది!”

“నాకలాగే గుర్తు.”

“ఎక్కడుంది అలాగ? ఇటివ్వండి!”

పుస్తకం లాక్కుని, కౌంటరు మీదికి వంగి పేజీలు తిప్పసాగాడు. చదివిన పుస్తకం గురించి తెలిసి తెలిసి తప్పు చెప్పడం నా జీవితంలో అదే మొదటిసారి. సిగ్గుపడవలసింది పోయి, ఎందుకో హుషారుగా మెట్లు దిగాను. వెనకనుంచి పెద్దావిడ గొంతు వినిపిస్తూనే ఉంది.

“నాయనా, ఈ కన్ను ఇక తెరవనా?”

“ఉండండమ్మా, ఈ పేజీ అయిపోనివ్వండి!”