కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఊళ్ళో కరాటే

నా ముక్కు కొంచెం ఎడమకు తిరిగి ఉంటుంది. పుట్టుకతో వచ్చింది కాదు. అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం మీద, రెండో అంతస్తు హాల్లో, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి నాకు చూపించిన మర్యాద వల్ల అలా అయింది. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. నమ్మినవాళ్ళు నవ్వుతారు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

నేను నాంపల్లిలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు, అక్కతో ఉంటాను. నలభై ఆరేళ్ళ వయసులో షుగరు గీత మీద ఉందని డాక్టరు చెప్పినప్పుడు, అందరిలాగే పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్‌లో నడవడం మొదలుపెట్టాను. నడక నాకు పడలేదు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ "నమస్తే టీచర్" అని ఆగి, వాళ్ళ పిల్లల మార్కుల గురించి మాట్లాడతారు. చెమట పట్టే లోపు బడి టైము అయ్యేది. ఒక సాయంత్రం అబిడ్స్‌లో పని చూసుకుని వస్తుంటే ఆ చెప్పుల దుకాణం పక్క మెట్ల దగ్గర కరాటే బోర్డు కనబడింది. పెద్దవాళ్ళకు కూడా నేర్పుతామని రాసి ఉంది.

నేను వెళ్ళింది ఆ బోర్డు నమ్మి.

మాస్టరు ముప్పై దాటిన మనిషి, చెడ్డవాడు కాదు. నన్ను చూడగానే కుర్చీ వేశాడు. "కూసోండి మేడం. పాపనా, బాబా? ఎవర్ని చేర్పిస్తున్రు?" అన్నాడు. "నేనే చేర్తున్న" అన్నాను. ఆయన ఫారం తెచ్చి ఇచ్చాడు. ఆ కుర్చీ మాత్రం మళ్ళీ లోపలికి పోలేదు. నేను ఎప్పుడు అలసిపోతానో అని నెలల తరబడి గోడ పక్కనే ఉంచాడు. ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు నేను.

క్లాసులో ఎక్కువమంది బడిపిల్లలు. పెద్దవాళ్ళం ముగ్గురమే: నేను, ఒక బ్యాంకు ఉద్యోగి, బషీర్‌బాగ్‌లో డిగ్రీ చదువుతున్న నా పాత విద్యార్థిని. ఆమె అప్పటికే పచ్చ బెల్టు. నన్ను చూసిన మొదటి రోజే లేచి నిలబడబోయింది. క్లాసులో అందరూ నిలబడే ఉన్నారు కాబట్టి, అంతకన్నా ఎలా నిలబడాలో తెలియక కాస్త వంగింది.

మొదటి అవమానం ప్యాంటు వల్ల జరిగింది. కాలు పక్కకెత్తి తన్నడం నేర్పుతున్న రోజు, నా కొత్త తెల్ల ప్యాంటు కుట్టు చర్రుమని విడిపోయింది. అందరికీ వినబడింది. పైన వేసుకునే కోటు తొడల దాకా ఉంటుంది, లోపల లెగ్గింగ్ వేసుకున్నాను, ఏమీ కనబడలేదు. నేను మళ్ళీ కాలు ఎత్తబోయాను. మాస్టరు మాత్రం ఇల్లు అంటుకున్నట్టు అరిచాడు: "అందరు గోడ దిక్కు తిరుగుర్రి! ఎవ్వరు చూడొద్దు!" హాలంతా గోడ వైపు తిరిగింది. వెనక నుంచి వాళ్ళ భుజాలు నవ్వుతో అదరడం నాకు కనబడుతోంది. తర్వాతి వారం ఒక పిల్లవాడి ప్యాంటు చిరిగితే అదే మాస్టరు "ఆపకు, కానియ్యి" అన్నాడు. వాడికి లేనిది నాకెందుకని మాస్టరును అడిగాను.

"గట్లెట్ల మేడం? మీరు పెద్దోళ్ళు" అన్నాడు.

ఆ మాట అప్పుడే నాకు నచ్చలేదు. దాని అసలు ఖర్చు తర్వాత తెలిసింది.

మన దగ్గర కాలు ఎవరికైనా తగిలితే వంగి వాళ్ళను వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంటాం. బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళకు తగిలినా చేస్తాం. ఆలోచించి చేసేది కాదు, చేయి దానంతట అదే పోతుంది. మెదక్‌లో మా నాన్న ప్రార్థనకు తప్ప తల వంచొద్దని మమ్మల్ని పెంచాడు. ఆయన కూడా కింద పెట్టిన పుస్తకానికి కాలు తగిలితే వంగి కళ్ళకద్దుకునేవాడు. కరాటేలో కాలు తగలాలి. తగలడమే అక్కడ పని. ఈ రెండూ ఒక హాల్లో ఎలా కుదురుతాయో మాస్టరు ఎన్నడూ ఆలోచించలేదు. పిల్లలు ఒకరినొకరు హాయిగా తన్నుకుంటారు. చిక్కంతా నాతోనే.

పసుపు బెల్టు వచ్చాక మొదటిసారి నన్ను స్పారింగ్‌కు, అంటే ఒకరితో ఒకరు తలపడే ఆటకు, ఆ అమ్మాయితో నిలబెట్టారు. అమ్మాయి తన్నింది. మంచి తన్ను. నా తొడకు తగిలింది. నాకు సంతోషమైంది. నేర్పినట్టే, దెబ్బ తిన్న వెంటనే ముందుకు దూకాను. ఆమె నేర్పినట్టు వెనక్కి పోలేదు. చటుక్కున వంగి, నా మోకాలు తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంటూ పైకి లేచింది. ఆమె నడినెత్తి వచ్చి నా ముక్కుకు తగిలింది.

ఆ చప్పుడు నాకు తల లోపల వినబడింది. కోటు ముందు భాగమంతా ఎర్రగా అయింది. "అయ్యో టీచర్, అయ్యో టీచర్" అంటూ అమ్మాయి మళ్ళీ వంగింది, ఈసారి రెండు కాళ్ళూ పట్టుకోవడానికి.

"ముందు లెవ్వే!" అని ముక్కులోంచి అరిచాను.

నాంపల్లి మైదానంలో ఎగ్జిబిషన్ నడిచే రోజులు కావడంతో ఆ రద్దీలోకి ఒక్క ఆటో రానంది. కింద జ్యూసు బండి అతను ప్లాస్టిక్ కవర్లో ఐసు ముక్కలు వేసి ఇచ్చాడు. అది ముక్కు మీద పెట్టుకుని నడిచాను. పక్కన అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది. దారిలో ఒకావిడ ఆగి, అమ్మాయి తల నిమిరి, "ఏం జేసినవమ్మా పిల్లను, గంత ఏడుస్తుంది?" అని నన్ను నిలదీసింది.

దవాఖానలో డ్యూటీ డాక్టరు అడిగాడు: "ఎవరు కొట్టిన్రమ్మా?"

"ఎవరు కొట్టలే. దండం పెట్టింది."

ఆయన రాయడం ఆపాడు. "ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా? భయపడకుండ చెప్పుర్రి."

అమ్మాయి ముందుకొచ్చింది. "నా కాలు తగిలింది సార్. గందుకే దండం పెట్టిన."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా దూది తీసుకున్నాడు.

ఇంట్లో అక్క తలుపు తీసి అక్కడే నిలబడిపోయింది. "ఏందే గిది? తన్నిన్రా?"

"లేదు. తన్నినా బాగుండు."

"షుగర్ తగ్గుతదని పొయ్యి ముక్కు పలగ్గొట్టుకొచ్చినవ్. గార్డెన్ల నడిస్తె ఎవడన్న ముక్కు పలగ్గొడ్తడా?"

ముక్కు మానాక వెళితే పరిస్థితి ఇంకా చెడింది. "టీచరమ్మతోని జర పైలం. ముట్టకుర్రి" అని మాస్టరు అందరికీ చెప్పి పెట్టాడు. బ్యాంకు ఉద్యోగి ఆ మాట శ్రద్ధగా పాటించాడు. తన్నబోయి, నా దాకా వచ్చి, సగంలో ఆపేవాడు. సగంలో ఆపిన కాలు ఎటు పోతుందో ఆపినవాడికే తెలియదు. ఒక సాయంత్రం అలాగే ఆపి, ఒంటికాలి మీద తూలి, వచ్చి నా మీద పడ్డాడు. మ్యాట్లు కలిసే సందులో నా కాలివేలు ఇరుక్కుని గోరు లేచిపోయింది. ఆయన బరువు గురించి నేనేమీ అనను. "సారీ మేడం, తాకొద్దనే ఆపిన" అన్నాడు. తాకనిచ్చి ఉంటే ఒక నీలి మచ్చతో పోయేదని చెప్పాను. జోకనుకుని నవ్వాడు. గోరు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

ఇంత జరిగినా ఎందుకు మానలేదని అక్క అడిగేది. పచ్చ బెల్టు కోసం. పసుపు నుంచి పచ్చకు పోవాలంటే పరీక్షలో ఒక ఆట చివరిదాకా ఆడాలి. గెలవనక్కరలేదు. కొట్టాలి, దెబ్బ తినాలి, నిలబడాలి. టీచరు ఉద్యోగంలో చేరినప్పటినుంచీ నేను వస్తే వరండాలో పిల్లలు గోడకు ఒదుగుతారు, వీధిలో వాళ్ళ తల్లిదండ్రులు పక్కకు జరిగి దారి ఇస్తారు. ఒక్కసారి ఒక మనిషి నా ఎదురుగా జరగకుండా నిలబడాలని నాకు ఉండేది. అక్కకు ఇది చెప్పలేదు. చెప్పినా "నీకు పని లేదు" అనేది.

పరీక్ష పెట్టడానికి మా మాస్టరుకు నేర్పిన పెద్ద మాస్టరు ఖైరతాబాద్ నుంచి వచ్చాడు. తల నెరిసిన, తక్కువ మాట్లాడే మనిషి. నా ఆట మళ్ళీ ఆ అమ్మాయితోనే. ఆమె నాకు చేయి దూరంలోకి రాలేదు. గాలిని తన్నింది. నేను ముందుకు పోతే వెనక్కి పోయింది, గోడ తగిలితే పక్కకు జారింది. పెద్ద మాస్టరు చేయెత్తి ఆపాడు.

"ఏంది గిది? కోలాటమా?"

పిల్లలు పగలబడి నవ్వారు.

"అమ్మా, మీరు మంచిగనే కొడ్తున్రు. కాని ఒక్క దెబ్బ తినలే. దెబ్బ తినకుంట పచ్చ బెల్టు నేను ఇయ్య."

"వాళ్ళు కొట్టకుంటె నా తప్పా సార్?"

"తప్పు ఎవరిదైతె నాకేందమ్మా? ఆట కాలే."

చిత్రంగా ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ హాల్లో నన్ను ఫెయిల్ చేయగలిగినవాడు ఆయన ఒక్కడే. కోపమంతా మా మాస్టరు మీద వచ్చింది, అందులోనూ ఆయన ఫోన్ చేశాక.

"మేడం, ఫికర్ జెయ్యకుర్రి. పెద్దాయనను నేను ఒప్పిస్త. ఆదివారం వచ్చి బెల్టు తీస్కోండి, ఫొటో దిగుదం."

"ఎవరితోని ఆడినందుకు?"

"ఆడుడెందుకు మేడం? మీరు గీ వయసుల వచ్చుడే మాకు గొప్ప."

"నేను బడిల వచ్చినందుకు మార్కులెయ్య" అని ఫోన్ పెట్టేశాను.

ఆదివారం వెళ్ళలేదు. సోమవారం క్లాసు అయ్యాక, మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్న అమ్మాయిని పట్టుకున్నాను.

"నన్నెందుకు తన్నవ్?"

"ఎట్ల తంత టీచర్? తెలిస్తె మా అమ్మ నన్ను ఇంట్లకు రానియ్యది."

"అమ్మకు చెప్పకు."

"చెప్పకున్నా గంతే టీచర్. నా కాలు మీ దాకొచ్చి ఆగిపోతది."

నాకు విసుగొచ్చింది. "నా మీద నీకు ఎన్నడు కోపం రాలేదా? బడిల ఒక్కసారన్నా?"

ఆమె చెప్పు పట్టీ సర్దుకుంది. "ఒక్కపారి వచ్చింది."

"ఎప్పుడు?"

"ఏడో తరగతిల. టెస్టుల మాట్లాడిన్నని నన్ను బయట నిలవెట్టిన్రు. నేను మాట్లాడలే. నా ఎనక పిల్ల మాట్లాడింది."

నాకు గుర్తుంది. ఇలాంటివి నేను మర్చిపోను. "నువ్వే మాట్లాడినవ్. నీ పెదవులు కదులుడు నేను చూసిన."

"లెక్క చేస్కుంట కదిలినయ్ టీచర్. నాకు పెదవులు కదలకుంటె లెక్క రాదు."

"మాట్లాడినవ్."

"మాట్లాడలే!"

కింద చెప్పుల దుకాణం వాళ్ళు తల ఎత్తి చూశారు. ఆమె నా ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి. కళ్ళు దించలేదు. "స్కూలు మొత్తం చూసింది నన్ను. మా తమ్ముడు ఇంటికి పొయ్యి చెప్పిండు. మా నాయిన రెండు రోజులు మాట్లాడలే నాతోని."

ఆ రోజు నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అంటాను. అక్కడే ఆమెతో కూడా అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"సరే," అన్నాను. "గదే మనసుల పెట్టుకొని రా."

తర్వాతి పరీక్ష వానాకాలంలో వచ్చింది. బయట రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి, పైన మ్యాట్లన్నీ చెమ్మగా ఉన్నాయి. పెద్ద మాస్టరు చేయి దించాడు. అమ్మాయి మొదటి తన్ను మళ్ళీ గాలికే. రెండోది కూడా అంతే. నేను వెళ్ళి ఆమె భుజం మీద ఒకటి ఇచ్చాను. వెనక్కి పోయింది. నాకు కడుపు మండింది. ఇంకో పరీక్ష కూడా ఇలాగే పోతుంది.

"పెదవులు కదిలినయ్" అన్నాను, ఆమెకు మాత్రమే వినబడేటట్టు.

కాలు రావడం నాకు కనబడలేదు. పక్కటెముకల కింద తగిలింది. లోపలి గాలంతా పోయి, మళ్ళీ రావడానికి దారి తెలియనట్టు అయింది. ఒక మోకాలు మీద కూలాను. ఆమె కుడిచేయి కిందికి జారి, వేళ్ళు విచ్చుకుని, నా వైపు వస్తోంది. మా మాస్టరు గోడ దగ్గర్నుంచి "మేడంను లేపుర్రి! నీళ్ళు! నీళ్ళు!" అంటున్నాడు.

"ఏయ్, పిడికిలి!" అన్నాడు పెద్ద మాస్టరు.

ఆ చేయి మధ్యలో ఆగింది. వేళ్ళు ముడుచుకున్నాయి. పిడికిలి మెల్లగా ఆమె గడ్డం దగ్గరికి పోయింది. నేను లేచేదాకా ఆమె అలాగే నిలబడి ఉంది, ఏడుస్తూ, కానీ ఒక్క అడుగు కూడా జరగకుండా. లేచాను. తర్వాత ఇంకొన్ని తిన్నాను, కొన్ని ఇచ్చాను. ఓడిపోయాను.

"ఇగో, ఆటంటే గిది," అన్నాడు పెద్ద మాస్టరు. "కాని అమ్మా, మీరు ఎడమ చెయ్యి దించుతున్రు. గందుకే తగిలింది. తప్పు మీదే."

దించలేదని వాదించాను. ఆయన వినలేదు, వేరే పిల్లలను పిలిచాడు.

పచ్చ బెల్టు అదే సాయంత్రం ఇచ్చారు. పిల్లల సైజు. నడుముకు రెండు చుట్లు తిరగాల్సింది, ఒక చుట్టుకే ముడి అందడం లేదు. పెద్ద సైజు ఎందుకు తేలేదని అడిగితే, "మీరు మళ్ళ పరీక్షకు వస్తరనుకోలే మేడం. జర అడ్జస్ట్ జేస్కోండి" అన్నాడు మా మాస్టరు. ఊపిరి తీస్తే పక్కటెముక పొడుస్తోంది, అనాల్సినంత గట్టిగా అనలేకపోయాను.

మారుస్తానన్నాడు. ఇంకా మార్చలేదు. ప్రతి క్లాసులో అడుగుతున్నాను. అప్పటిదాకా పాత పసుపు బెల్టే కట్టుకుని పచ్చ బెల్టుల వరసలో నిలబడుతున్నాను. అమ్మాయి నా పక్కనే ఉంటుంది. ఆ వరస ఇరుకు. మొన్న మోచేత్తో పొడిచి, "జరుగుర్రి టీచర్, నాకు జాగ లేదు" అంది.

నేను జరగలేదు.