చేపలకు పోసిన మంచినీళ్లు

పోయిన వారం కుప్పంలో డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, ఒంట్లో ఉప్పు తగ్గింది, నీళ్లు కాస్త తగ్గించి తాగమని చెబితే, ఒంట్లో ఉప్పూ నీళ్ల పాఠమే చెప్పి బతికినదాన్ని, తలూపి కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. నీళ్లు ఎక్కువై ప్రాణం మీదికి రావడం నేను మొదటిసారి చూసింది పుంగనూరులో, మా ఇంటి వసారాలోనే.

అప్పట్లో రోజూ బస్సులో మదనపల్లెకు పోయి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ, సముద్రం నుంచి ఏటికి ఎదురెక్కే చేపల మీద పరిశోధన చేసేదాన్ని. సముద్రంలో ఉన్నన్నాళ్లూ వాటి ఒంట్లోని నీరు బయటికి పోతూనే ఉంటుంది. ఏటిలోకి వచ్చాక నీరు లోపలికి చొరబడి, ఒంట్లో ఉప్పు పోతుంది. ఆ మార్పుకు వాటిని సిద్ధం చేసేది మెదడు కింది గ్రంథిలో ఊరే ఒక హార్మోను. మనలో తల్లికి పాలు పడేట్టు చేసేదీ అదే. అయితే దానికి కొన్ని రోజుల వ్యవధి కావాలి. తీరం నుంచి తెప్పించిన పన్నెండు చేపపిల్లలను మా వసారాలో తొట్టిలో ఉప్పునీళ్లలో ఉంచాను. మర్నాడు మా గురువుగారు వచ్చి వాటిని చూసి సరేనంటేనే నా పరిశోధన సాగుతుంది, ఆ తర్వాతే రోజుకింత మంచినీళ్లు కలపాలి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చేపలు పక్కకు ఒరిగి ఉన్నాయి. వేలు ముంచి నాలుకకు రాసుకుంటే ఉప్పు లేదు. తొట్టి కోసం దాచిన రాళ్లుప్పు తెచ్చి కొద్దికొద్దిగా కలుపుతూ, మొప్పలు ఆడుతున్నాయా లేదా అని కళ్లార్పకుండా చూస్తుంటే, ఒక్కొక్కటే కదలడం మానేసింది.

అమ్మ పక్కనే నిలబడి ఉంది.

"ఉప్పునీళ్లల్లో దప్పికతో ఉండాయేమో పాపా, అందుకే ఆ నీళ్లు తోడేసి మంచినీళ్లు పోస్తిని," అంది.

"నువ్వే సంపినావు," అన్నాను.



చివరికి మూడు మిగిలాయి. మర్నాడు గురువుగారు వచ్చి ఆ మూడింటితోనే మొదలుపెట్టమన్నారు కాబట్టి నా చదువు నిలబడింది. ఆయన్ను బస్సెక్కించి వచ్చి వంటింట్లో చూస్తే తాగేనీళ్ల బిందెలు రెండూ ఖాళీ. మా వీధి బోరునీళ్లు నోట పెట్టలేనంత ఉప్పగా ఉండేవి. అందుకని ఊరి బయట బావి నుంచి అమ్మే నెత్తిన మోసుకొచ్చేది. ఆ నీళ్లన్నీ తొట్టిలో పోసి, నాకొక చెంబెడు మూతపెట్టి ఉంచి, తాను మాత్రం ఆ బోరునీళ్లే తాగుతోంది.

అమ్మ అన్నది తప్పు కూడా కాదు. సముద్రంలో చేపకు నిజంగానే దాహం, తాగుతూనే ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు ఫోను చేస్తే నీళ్ల క్యాను గడపలోకి వస్తోంది, మన ఈడువాళ్లకు తప్ప బిందె బరువు ఎవరికీ తెలియదు. చేపకు దాహమేస్తుందని పుస్తకం చదవకుండానే కనిపెట్టింది మా అమ్మేనని ఏటా క్లాసులో చెప్పేదాన్ని, పిల్లలు నవ్వేవాళ్లు. ఆ మాట అమ్మ బతికుండగా ఒక్కసారైనా అమ్మతో అనలేకపోయాను.