పిండం దగ్గర టవరు గొడవ

సిగ్నల్ కోసం మేడెక్కి చెయ్యి పైకెత్తి నిలబడే రోజులు పోయి, సిగ్నల్ ఎక్కువైపోయిందని జనం తలలు పట్టుకునే రోజులు అప్పుడే వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే తెనాలిలో ఒక సెల్‌టవర్ల కంపెనీలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. (చుట్టాలంతా ఇంజినీరునని అనుకున్నారు. నేనూ కాదనలేదు.) ఊళ్లు తిరిగి జనం భయాలు పోగొట్టడం నా పని. రేపల్లె పక్కన మా తాతయ్య ఊళ్లో టవరు గొడవ సర్దితేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆ గొడవకు నాయకుడు సాక్షాత్తూ మా పెద్దమామయ్య.

మామయ్య లెక్కలో ఊళ్లో ఏ ఇబ్బందికైనా టవరే కారణం. గేదె పాలు తగ్గినా, కొబ్బరి పిందెలు రాలినా, చివరికి ఆయన జుట్టు రాలినా రేడియేషనే. "అది ఎక్స్‌రే లాంటిది కాదు మామయ్యా. కణాల్ని చీల్చేంత బలం దానికి లేదు. మహా అయితే కాస్త వేడి పుట్టిస్తుంది, అదీ హద్దు దాటకుండా చూస్తారు" అని కంపెనీ నేర్పిన పాఠం అప్పజెప్పేవాణ్ణి. "టవరు దూరమైతే నీ ఫోనే ఇంకా గట్టిగా పనిచెయ్యాలి. అది నీ చెవి పక్కనేగా ఉండేది." మామయ్య ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుని, "జీతం తీసుకునేవాడివి, నువ్వింకేం చెప్తావులే అల్లుడూ" అనేవాడు. తాతయ్య మాత్రం టవరు పక్షమే. బాపట్లలో ఉన్న స్నేహితుడితో పొద్దస్తమానం ఫోన్లో పోట్లాడటం, మధ్యలో నాకు చేసి "అన్నం తిన్నావా" అనడం, ఆయనకు అదే కాలక్షేపం.

ఆ తాతయ్య హఠాత్తుగా పోయాడు. పదో రోజున కాలవగట్టు మీద పిండం పెట్టి అందరం దూరంగా జరిగాం. కాకి రాలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. అదేంటో కనిపెట్టి, తీరుస్తామని పైకి చెప్పాలి. "పెరట్లో మామిడిచెట్టు కొట్టించం మామయ్యగారూ" అంది అత్తయ్య. రాలేదు. మామయ్య గొంతు తగ్గించి, "తమ్ముడితో మాట్లాడతాలే నాన్నా" అన్నాడు. దానికీ రాలేదు.

"ఎక్కణ్ణించి వస్తాయి? రేడియేషన్‌కి కాకులన్నీ పోయాయిగా" అన్నాడు మామయ్య నన్నే చూస్తూ. ఆ కాకుల్ని నేనే తిన్నట్టు అందరూ నావైపు తిరిగారు. మామయ్య అక్కడితో ఆగక పిండానికి చేతులు జోడించి, "నాన్నా, ఆ టవరు పీకించేస్తాం" అన్నాడు. ఇప్పుడు గానీ కాకి వాలిందా, టవరుతోపాటు నా ఉద్యోగమూ పోయినట్టే. తాతయ్య ఉత్తమగతుల కోసం అందరూ ఆకాశం చూస్తుంటే, నేనొక్కణ్ణే కాకి రాకూడదని మొక్కుకున్నాను. రాలేదు.

ఇక తెగించాను. "తాతయ్యా, టవరు ఎక్కడికీ పోదు. నీ ఫోను మధ్యలో కట్ అవకుండా నేను చూసుకుంటా" అన్నాను గట్టిగా. టవరు మీంచే ఒక కాకి లేచింది. అక్కడ, యాంటెన్నా పక్కనే, దాని గూడు కూడా ఉంది (అన్నాళ్ల గొడవలో ఎవరమూ తలెత్తి చూడలేదు). తిన్నగా వచ్చి పిండం మీద వాలింది. "ముట్టిందండి, ఇక స్నానాలకు లేవండి" అన్నారు పంతులుగారు. మామయ్య కాలవలో మునిగి లేచి, తడి పంచెతోనే ఫోను అందుకుని, "నాన్న టవరు మీదే ఉంటున్నాడ్రా" అని బాపట్ల నుంచి తెనాలి దాకా చుట్టాలందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్క కాకితో సైన్సు రుజువు కాదని నాకు తెలుసు. ఆ సంగతి మామయ్యకు చెప్పేంత అమాయకుణ్ణి కాదు.

నవ్వాపుకుంటూ గట్టు దిగాను. ఉద్యోగం నిలిచిన ఈ ముచ్చట వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించి ఫోను తీశాను. నిండా సిగ్నల్ ఉంది. వేలు అలవాటుగా తాతయ్య పేరు మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. నాలోని అప్పటి కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరి పిండం దగ్గర గెలిచాడో, ఆ గెలుపు చెప్పడానికి వాళ్లకే ఫోన్ చెయ్యబోయాడు.