పది బై ఎనిమిది ఫ్లెక్సీ

కొల్లేట్లో చేపల వేటకు పోయేవాళ్ళకు ఒక కొలత ఉంది. సామానంతా ఎక్కించాక తాటిదోనె అంచుకూ నీటికీ మధ్య జానెడు ఎడం మిగలాలి. వెంకట్రాజు ముప్పై రెండేళ్ళుగా ఆ జానను తన చేత్తోనే కొలుస్తున్నాడు. బొటనవేలు అంచుకు ఆనించి చిటికెనవేలు కిందికి చాస్తాడు. వేలు తడిసిందా, ఏదో ఒకటి ఒడ్డున దించాల్సిందే. చేపలు పట్టే వెదురు మావులు దించితే ఇక వేటే లేదు. బియ్యం, మంచినీళ్ళ డబ్బా దించితే కడుపులు మాడతాయి. పోనీ పెళ్ళాన్ని దించుదామా అంటే, సుబ్బాయమ్మ కాపురానికొచ్చిన ఏడాది నుంచి నిరుటిదాకా ఆవిడ లేని వేట అతనెరగడు.

వేటంటే పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేది కాదు. సరస్సు నడుమ దిబ్బ మీద నాలుగైదు రోజుల మకాం. తల దాచుకోవడానికి సుబ్బాయమ్మ అక్కడే జమ్ము కోసి, తడకలల్లి, గూడు వేసేది. వదిన గూట్లోకి రావాలంటే వాన కూడా అడిగి రావాలి అని పక్కదోనె పేతురు నవ్వేవాడు.

మూడేళ్ళ కిందట ఆవిడకు ఉబ్బసం పట్టుకుంది. జమ్ము నూగు ముక్కుకు తగిలితే చాలు, ఊపిరి ఆడేది కాదు. తడిలో మాత్రం పడుకోవద్దమ్మా అన్నాడు ఏలూరు డాక్టరు. వేట మానెయ్యమని అననందుకు ఆయనకు రెండు చేతులా దణ్ణం పెట్టి వచ్చింది. అయినా నిరుడు వానాకాలమంతా ఒడ్డునే ఉండిపోయింది. వెంకట్రాజు ఒక్కడే వెళ్ళి రెండో రోజుకల్లా తిరిగొచ్చేవాడు. రేవులో కూర్చుని ఎదురుచూస్తున్న మనిషిని చూసి, "వచ్చే ఏడు తేలికపాటి గుడారం ఏదైనా చూస్తానే. ఇద్దరం పోదాం," అని మాటిచ్చాడు.

మాటివ్వడం తేలికే. ఎంచబోతే మంచమంతా కంతలే. ఇంట్లో ఉన్న మందపాటి గుడ్డ బరకం గట్టిదే గాని, తడిసిందంటే ఇద్దరు మనుషుల బరువు. తాడేపల్లిగూడెంలో ఒక షాపువాడు గొడుగు విప్పినట్టు నైలాను గుడారం విప్పి చూపించాడు. సంచిలో పెడితే సొరకాయంత బరువు కూడా లేదు. సుబ్బాయమ్మ లోపల దూరి కూర్చుని చిన్నపిల్లలా నవ్వింది. ధర విని అంతే తొందరగా బయటికొచ్చింది. "దీంట్లో పొయ్యి వెలిగిస్తే చేపలకంటే ముందు మనమే వేగుతామండి," అని షాపువాడి ముందు మొగుడి పరువు కాపాడింది.

అప్పుడు వట్లూరులో ఆటో నడిపే అల్లుడు ఫణికిరణ్ ఒక ఉపాయం చెప్పాడు. భీమడోలులో ఫ్లెక్సీలు వేసే షాపుంది, పని అయిపోయిన పాతవి అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. చుడితే చంకలో ఇముడుతుంది, తడిసినా బరువెక్కదు. రెండు గుంజలు, ఒక తాడు ఉంటే గుడారం సిద్ధం. సుబ్బాయమ్మ వాకిట్లో పడుకుని మరీ కొలిపించింది. "నేను, మీరు, పొయ్యి, ఆ మూల మావులు. పది బై ఎనిమిది కావాలండి." ఆ 'బై' అనే మాట ఆవిడకు బాగా నచ్చి నాలుగుసార్లు అంది.

మొదట తెచ్చింది ఎవరో నాయకుడి పుట్టినరోజుది. "ఈయన అలా పళ్ళికిలిస్తా చూస్తుంటే నేను చీరెట్టా మార్చుకోనండి?" అంది. రెండోది ఒక మీసాలాయన శ్రద్ధాంజలి. అది విప్పగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది. "పోయినోళ్ళ మొహం కింద నాకు నిద్ర పట్టదండి." మూడోది బట్టల దుకాణానిది, మొహాలు లేవు గాని ఆరు బై నాలుగే. మంచిది దొరికేదాకా ఆగుదామన్నాడు వెంకట్రాజు. పెళ్ళిసంబంధానికి కూడా ఇన్ని వంకలు పెట్టరు. చిన్నవి నాలుగు తెచ్చి కలిపి కుట్టించి ఉంటే సరిపోయేది. ఆ ముక్క అతనికి తట్టలేదు. తట్టేసరికి ఆషాఢం వచ్చింది.

ఒక పొద్దున రేవులో గిన్నెలు తోముతూ, "ఏవండీ, కొత్తనీరొచ్చిందండి," అని కేకేసింది సుబ్బాయమ్మ. అతను వచ్చి చూసేసరికి గిన్నెల పక్కన ఒరిగిపోయి ఉంది. అల్లుడి ఆటో ఏలూరు చేరకముందే ప్రాణం పోయింది.

పెద్దకార్యానికి గుమ్మం పక్కన ఫ్లెక్సీ పెట్టాలి కదా. ఫణికిరణ్ అత్తగారి ఆధార్ కార్డు ఫోటోను పెద్దది చేయించి, రెండు పావురాలు, పూలదండ పెట్టించాడు. "ఆరు బై నాలుగు చాలు కదండీ మావయ్యగారూ?" అని అడిగాడు.

"పది బై ఎనిమిది వేయించండి అల్లుడుగారూ."

"అంత పెద్దది మన వాకిట్లో పట్టదండి."

"పది బై ఎనిమిది," అన్నాడు వెంకట్రాజు మళ్ళీ, గోడకేసి చూస్తూ. పెళ్ళాం మీద ఎంత ప్రేమో అనుకుంది ఊరు. అనుకుంటే అనుకోనీ, అదీ అబద్ధం కాదు.

కార్యం అయిన మర్నాడు దాన్ని అతనే విప్పాడు. మొహం మీద మడత పడకుండా చుట్టి, దోనెలో పెట్టాడు. కూతురు వద్దని ఏడ్చింది. అతను వినలేదు. అన్నీ ఎక్కించాక అలవాటుగా వంగి చేత్తో కొలిచాడు. జాన మీద ఇంకా నాలుగు వేళ్ళ ఎడం మిగిలింది. నిరుడు ఒక్కడే పోయినప్పుడు బరకం బరువైనా ఉండేది, ఇన్నేళ్ళలో దోనె అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. వెంకట్రాజు రేవులోనే కూలబడి ఏడ్చాడు.

దిబ్బ చేరేసరికి మధ్యాహ్నమైంది. మబ్బు కమ్ముతోంది. తన దోనెలో తోడొచ్చిన పేతురు గుంజలు పాతి, ఫ్లెక్సీ విప్పి, సుబ్బాయమ్మ బొమ్మ చూశాడు.

"అన్నా, పోయినోళ్ళ మొహం కింద నిద్ర పట్టదనేది కదా వదిన?"

"పరాయోళ్ళదైతే పట్టదురా," అన్నాడు వెంకట్రాజు.

పేతురు బొమ్మ పైకి వచ్చేలా కప్పబోయాడు. వెంకట్రాజు అతని చెయ్యి పట్టుకుని, ఫ్లెక్సీని తిరగేసి, మొహం లోపలికి వచ్చేలా పరిచాడు.

"అదేంటన్నా, లోపలికేస్తే ఎవరు చూస్తారు?"

"పైకేస్తే తడుస్తదిరా. తడిస్తే దానికి ఆయాసం."

పేతురు తాడు రెండో కొస గుంజకు కట్టాడు.