బంద్ నాడు నాలుగో పార్టు

నాలుగో పార్టు మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆ గేమ్ తీసినోళ్లు ఎదురుపడితే కాలర్ పట్టుకొని అడుగుత, మమ్మల్ని అంత పిచ్చోళ్లనుకున్నరా అని. దాని తర్వాత ఇంకా ఎన్నో పార్టులు వచ్చినయట. నేను ముట్టలే.

మొదటి పార్టు ఎట్లుండెనో చెప్తే గానీ నా మంట మీకు అర్థం గాదు. దాన్ల ఒక దొంగ ఉంటడు. ఒక్కడే. పాత కోటలల్ల దూరాలె, ఎవల కంటా పడకుంట పెట్టె ఎత్తుకొని బయటపడాలె. మ్యాపు లేదు, ఎటు పోవాల్నో చూపే బాణం గుర్తు లేదు. కావలోని చెప్పుల చప్పుడు విని, వాడు ఎంత దూరంల ఉన్నడో మనమే తెలుసుకోవాలె. ఒక గోడ కాడ నేనూ నా దోస్తూ మూడు రోజులు ఆగిపోయినం. నాలుగో రోజు, దీపం ఆర్పేస్తే కావలోనికి మేము కనపడమని వానికి తట్టింది. దీపం ఆర్పొచ్చని గేమ్ ఎక్కడా చెప్పలే! ఇద్దరం కుర్చీలల్ల నుంచి లేసి ఎగిరినం.

రెండో పార్టుల కోట పోయి ఊరు వచ్చింది. అది ఇంకా బాగుండె. మూడోదానికి వచ్చేసరికి తెర మూలకు మ్యాపు, దొంగ ముందట పచ్చ బాణం పెట్టిండ్రు. "కొత్తగ ఆడేటోళ్లకు జర అల్కగ ఉండొద్దా" అని నేనే వెనకేసుకొచ్చిన. ఇష్టపడ్డంక ఎన్ని సాకులైనా దొరుకుతయ్.

ఆ దోస్తు వాళ్లది గుంటూరు దిక్కు. వాళ్ల నాయన దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక గల్లీల నెట్ సెంటర్ నడిపేటోడు. మాది నల్లగొండ దిక్కు ఊరు, మన్సూరాబాద్‌ల కిరాయికుంటుంటిమి. డిగ్రీ అయిపోంగనే ఆ నెట్ సెంటర్‌ను ఇద్దరం కలిసి గేమింగ్ సెంటర్ చెయ్యాలని మా ప్లాను. పేరు గూడ అనుకున్నం. కానీ అవి ఉద్యమం జోరుగున్న రోజులు. ఇయ్యాల ర్యాలీ అంటే రేపు బంద్. వాళ్ల నాయన భయపడి, షాపు అమ్మేసి పోదామంటుండె. ఒకరోజు నన్ను ఎదురుంగ కూసోబెట్టుకున్నడు.

"బాబూ, మీరిద్దరూ కలిసి నడుపుతామంటే నేను అమ్మను. కానీ ఏదైనా గొడవైతే మావాడి పక్కన నిలబడతావా?"

"నిలబడత అంకుల్" అన్న. పై పైన అన్న మాట గాదు. ర్యాలీలల్ల గొంతు పోయేదాక అరిచినోన్ని నేను. తెలంగాణ రావాలె, నా దోస్తు ఈడనే ఉండాలె, రెండూ కావాలె నాకు.

బంద్ నాడు మాకొక పద్ధతి ఉండె. షట్టర్ పూర్తిగ కిందికి, లైట్లు బంద్, వెనక తలుపు నుంచి లోపటికి పోవుడు. ఒక్క కంప్యూటర్‌కే రెండు హెడ్‌ఫోన్లు తగిలించుకొని పొద్దుగూకేదాక ఆట. నాలుగో పార్టు డిస్కు చేతికొచ్చిన మర్నాడే బంద్ పడ్డది. ఇంకేం కావాలె!

వాడు ఆడుతున్నడు, నేను పక్కన కూసున్న. కొత్త దేశమట, దొంగకు కొత్త కోటు, కొత్త మీసం. అర్ధగంట గాలే, నాకు అనుమానమొచ్చింది.

"అరేయ్, ఆగు. నేను కండ్లు మూసుకుంట. ఇప్పుడు ఎడమకు తిరుగు, మెట్లుంటయ్. పైన కావలోడు దగ్గుతడు. పరదా ఎనక తాళంచెవి ఉంటది, చూడు."

వాడు ఎడమకు తిరిగిండు. దగ్గు వినపడ్డది. కండ్లు తెరిచి చూస్తే దొంగ చేతిల తాళంచెవి ఉంది.

"కొంచెం ఓపిక పట్టరా" అన్నడు వాడు. "ముందుకెళ్తే మారుతుందేమో."

"ఏం మారుతది? గోడలకు సున్నమేసి అదే కోట మల్ల అమ్ముతున్నరు. బాణం నడుస్తుంటే ఎనకబడి పోవుడే. గిది దొంగతనమా, డ్యూటీనా?" అని హెడ్‌ఫోన్లు పీకి టేబుల్ మీద కొట్టిన. ఆ ఊపుకు వైరు ప్లగ్గు ఊడొచ్చింది. పెద్ద స్పీకర్లల్ల నుంచి కత్తుల మోత, కోట గంటలు, అరుపులు ఒక్కసారే బయటపడ్డయ్.

సరిగ్గ అప్పుడే మా గల్లీల నుంచి ఎల్బీనగర్ దిక్కు ర్యాలీ పోతున్నది. నినాదాలు ఆగినయ్. షట్టర్ మీద దబదబ దెబ్బలు పడ్డయ్.

"ఎవడ్రా లోపట? బంద్ నాడు దుకాణం నడుపుతరా?"

వాడు స్పీకర్ వైరు పీకేసిండు. "నువ్వు మాట్లాడరా. షాపు మీదేనని చెప్పు. నేను నోరు తెరిస్తే తెలిసిపోతుంది."

"నేనున్న గదా, పరేషాన్ గాకు" అన్న గానీ, ముందు వారమే పక్క గల్లీల ఒక దుకాణం అద్దాలు పలిగినయ్.

షట్టర్ నడుము దాక లేపిన. పది మంది దాక ఉన్నరు. ముందట గడ్డమాయన, చేతిల జెండా కర్ర.

"ఎవరిది తమ్మి దుకాణం?"

"మాదే అన్నా."

"ఏ ఊరు మీది?"

"నల్లగొండ దిక్కు."

ఆయన ముఖం మెత్తబడ్డది. వంగి లోపటికి చూసిండు. గోడకు ఆనుకొని నిలబడ్డ నా దోస్తు మీద చూపు ఆగింది. ఆయన ఏం అడగలే. నేనే చెప్పిన.

"వాడు మా దగ్గర పనికుంటడు అన్నా."

ఆయన తల ఊపి తెర దిక్కు చూసిండు. "గది దొంగ గేమ్ గాదూ? నాలుగోది వచ్చిందా?"

"నిన్ననే అన్నా."

"ఎట్లుంది?"

"సప్పగుంది. అంతా పాతదే."

"మూడోదే సప్పగుండె" అన్నడాయన, సొంతోళ్లకేదో అయినట్టు బాధపడుకుంట. "మొదటిది ఉండె సూడు! హాస్టల్‌ల మేం నలుగురం ఆడినం. అందుల ఒకడు రాజమండ్రోడు. వాడు లేకుంటే మేం మొదటి కోట గూడ దాటకపోదుం." ఇంక అందరినీ పదండ్రని, "బంద్ నాడు జర సౌండ్ బంద్ పెట్టుకోండ్రి తమ్మి" అని షట్టర్ తనే కిందికి గుంజిండు.

నాకు నవ్వాగలే. "బతికిపోయినం రా బై!" అని ఎనక్కి తిరిగిన. వాడు కంప్యూటర్ బంద్ చేస్తున్నడు. నా దిక్కు చూడలే.

సాయంత్రం వాళ్ల నాయన వచ్చి, సంగతి విని నా రెండు చేతులు పట్టుకున్నడు. "నీ మేలు మర్చిపోను బాబూ. ఇంక షాపు అమ్మే మాటే లేదు."

"అమ్మేద్దాం నాన్నా" అన్నడు వాడు. గంతే, బయటికి నడిచిండు.

నాకు ఒళ్లు మండింది. ఉరికి గల్లీ మలుపుల పట్టుకున్న. "ఏందిరా నీకు? నువ్వు చెప్పమంటేనే గదా మాదే అన్న. షట్టర్‌కు గీత గూడ పడలే!"

"షాపు సంగతి కాదురా. అది నేనే చెప్పమన్నాను." వాడు అరుస్తలేడు. అరిచినా బాగుండు. "నా గురించి ఆయన అడగనే లేదు."

"భయమైందిరా."

"నాకూ భయమేసింది. ఫ్రెండని చెప్తావనుకున్నాను."

నెల తిరగకముందే షాపు అమ్ముడైంది. వాళ్లు గుంటూరు పోయిండ్రు. నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా బాగానే మాట్లాడిండు, అమ్మనూ చెల్లెనూ అడిగిండు, మల్ల రమ్మంటే మాత్రం రాలే. తప్పు నాదే, సిగ్గు గూడ నాదే. దోస్తు అంటే సరిపోతుండె. ఆ గడ్డమాయన అప్పుడు గూడ గేమ్ ఎట్లుందని అడిగి, అట్లనే షట్టర్ గుంజి పోయేటోడు.